పెత్తనం కన్ను

పోయినవారం నన్ను వెర్నా తుపాకుల కొట్టు గుమ్మంలో, చేతిసంచీ గట్టిగా పట్టుకుని నిలబడినచోట వదిలేశాను. ఇంకా అక్కడే ఉన్నాను. కొత్తగా చదవడం మొదలెట్టినవాళ్ళకు రెండు ముక్కలు చెబుతాను. నా పేరు సిగ్నీ, మా ఊరి బడిలో వంటమనిషిని. యాభై దాటాయి, మొగుడు లేడు, ఉన్న రోజుల్లోనూ పెద్ద తేడా ఏమీ లేదు. ఇంతవరకు నాదంటూ ఒక రైఫిల్ లేదు. చిన్నప్పుడు నాన్నది, ఆ తర్వాత మా అన్నయ్య హాల్వర్‌ది, కొన్నాళ్ళు మొగుడిది, ఎప్పుడూ ఎవరిదో ఒకటి అడిగి పుచ్చుకుని కాల్చడమే. ఈ జూన్‌లో మా గురి క్లబ్బు జోడీ పోటీలో హాల్వర్ పక్కన నేను కాల్చబోతున్నాను. వాడి పాత జోడీకి మోకాళ్ళు అరిగిపోయి, ఎండ వెతుక్కుంటూ అరిజోనా వెళ్ళిపోయాడు. కాబట్టి నాకో రైఫిల్ కావాలి. చవకగా రావాలి, దూరాన కాగితం మీద వేసిన నల్లచుక్కను మాత్రం వదలకూడదు.

ఇంకొక్క ముక్క ఉంది. హాల్వర్ మా బడి బస్సు నడుపుతాడు. మొన్న మార్చిలో ఆ బస్సు మా వంటగది తలుపు పక్కనున్న పసుపు స్తంభాన్ని పడగొట్టింది. ఎండ కళ్ళలో పడిందన్నాడు. ఊరంతా నమ్మింది. నేనూ నమ్మాను.

మా క్లబ్బులో ఒక పద్ధతుంది. మొదటి రైఫిల్‌ను ఎవరూ ఒంటరిగా కొనరు. క్లబ్బులో ఒక పెద్ద తోడు వెళ్తాడు, వెళ్ళేముందు కన్ను చూస్తాడు. రెండు చేతులూ ముందుకు చాపి, అరచేతుల మధ్య చిన్న సందు వదిలి, రెండు కళ్ళూ తెరిచి ఆ సందులోంచి ఎదుటివాడి ముక్కును చూడాలి. మనకు తెలియకుండానే రెండు కళ్ళలో ఒకటి ఆ పని తీసేసుకుంటుంది. సందులో ఎదుటివాడికి కనబడేది ఆ కన్నే. దాన్ని మేం పెత్తనం కన్ను అంటాం. అది ఏ వైపు ఉంటే ఆ భుజానికే రైఫిల్ ఆనించాలి. ఊళ్ళో రెండు తరాలవాళ్ళకు హాల్వరే కన్ను చూశాడు. నిన్న సాయంత్రం మా వసారాలో నాకూ చూశాడు. చూసి, నీది ఎడమ కన్ను పెత్తనం పిల్లా, ఎడమచేతి రైఫిల్ కొనుక్కో అన్నాడు. ఇవాళ కొట్టుకు తోడూ తనే వచ్చాడు.

నాకు రాత్రంతా అదే ఆలోచన. గరిట కుడిచేత్తో తిప్పుతాను, సంతకం కుడిచేత్తో పెడతాను, మొగుడి మీద చెప్పు విసిరినప్పుడు కూడా కుడిచేత్తోనే విసిరాను, గురి తప్పలేదు. ఇన్నేళ్ళూ తప్పు భుజానికి ఆనించి కాల్చానా అని ఒకటే గుంజాటన. హాల్వర్ మాట కాదనే అలవాటు మాత్రం మా ఇంట్లో ఎవరికీ లేదు.

వెర్నాకు డెబ్బై దాటాయి. మొగుడు పోయాక టైర్ల షాపు వెనకున్న ఆ కొట్టును ఒక్కతే నడుపుతోంది. ఆవిడ కొట్లో పొద్దున ఎవరు ఏం కొన్నారో మధ్యాహ్నం భోజనాల వేళకు ఊరంతా తెలిసిపోతుంది. నన్ను చూడగానే, "ఏంటి సిగ్నీ, పిల్లలు నీ సూపు తాగనంటున్నారా, తుపాకీ కావాల్సొచ్చింది?" అంది.

నేను చేతిలో ఉన్న మొత్తం చెప్పాను. ఆరొందల డాలర్లు. ఆవిడ నవ్వలేదు, అదే నాకు ధైర్యం. అందులో సగమే రైఫిల్‌కు పెట్టు, మిగతా సగం దాని నెత్తిన కూర్చునే గురిచూసే గాజుకు, స్కోప్‌కు పెట్టు అంది. మంచి రైఫిల్ కొని పైన చవక స్కోప్ బిగించుకున్నవాళ్ళంతా ఏడాది తిరక్కుండా తన దగ్గరికే మొహం వేలాడేసుకుని వస్తారట. ఇక తూటాల ఖర్చంటావా, అది పెళ్ళిలాంటిది, ఎంతవుతుందో ముందు అడగకూడదు అంది.

బల్ల మీద పాత దుప్పటి పరిచి మూడు పెట్టింది. ఒక్కొక్కటీ బోల్ట్ గడియ వెనక్కి లాగి, లోపల ఖాళీ అని నాకు చూపించి మరీ చేతికిచ్చింది. మొదటిది చెక్కపని చేసినది, చూడగానే ముచ్చటేసింది. నా వేళ్ళు దాని మీదే తిరుగుతుంటే వెర్నా దాన్ని నెమ్మదిగా పక్కకు జరిపేసింది.

"అది లేళ్ళ మీదకి. లేడికి ఒకటో రెండో చాలు, ఇంటికొచ్చేస్తావు. కాగితాన్ని కొట్టాలంటే మధ్యాహ్నమంతా కాల్చాలి. ఆ సన్న గొట్టం వేడెక్కిందంటే ఇక నీ మాట వినదు."

రెండోది చిన్న తూటాలది. ఖర్చు తక్కువే గాని మా జోడీ పోటీ దూరానికి దాని తూటా గాలికి కొట్టుకుపోతుంది. మూడోది లావు గొట్టం, భుజానికానే భాగం ప్లాస్టిక్, ఉడికీ ఉడకని బఠానీ రంగు. ఎత్తగానే నా చేయి కిందికి లాగింది. ఆ బరువే దాని గుణం, కాల్చినప్పుడు తుళ్ళిపడదంది వెర్నా. బోల్ట్ పిడి ఎత్తి, వెనక్కి లాగి, ముందుకు తోశాను. గడియ పెట్టినంత సుళువుగా పోయింది. ట్రిగ్గర్ నొక్కితే ఎక్కడ వదులుతుందో ముందే తెలిసేటంత శుభ్రంగా ఉంది. దాన్ని భుజానికి ఆనించి, కొట్టు అవతలి గోడ మీది జింకతల మీదికి గురిపెట్టాను. చెంప తనంతట తనే దాని మీద వాలింది. చెప్పుకుంటే సిగ్గుగాని, దాన్ని దించబుద్ధి కాలేదు. ఎవరినీ అడగక్కర్లేని తుపాకీ ఇదే అనిపించింది.

తీరా చూస్తే దాన్ని నేను ఆనించింది కుడి భుజానికే.

అంతవరకు కిటికీ దగ్గర నిలబడి, వేళ్ళతో గాజు మీద దరువేస్తున్న హాల్వర్ అప్పుడు నోరు విప్పాడు. "ఎడమచేతిది ఏదైనా ఉందా వెర్నా?"

"ఒకటుంది. ఇలాంటిదే. రెండేళ్ళుగా లోపల దుమ్ము తింటోంది. ఎవరూ అడగరు కాబట్టి ఇంకా చవగ్గా ఇస్తాను. కానీ ఎవరికి?"

"సిగ్నీకి. దానిది ఎడమ కన్ను."

వెర్నా నన్నొకసారి, హాల్వర్‌నొకసారి చూసింది. తర్వాత బల్ల చుట్టూ తిరిగొచ్చి నా ఎదురుగా నిలబడి, చేతులు చాపమంది. చాపాను. సందులోంచి ఆవిడ ముక్కు చూశాను. చేతులు దించి మళ్ళీ చాపమంది, మళ్ళీ చాపాను. మూడోసారి అడగలేదు.

"కుడి," అంది. "కొండంత కుడి. నీకేమైంది హాల్వర్? ఎదురుగా నిలబడి చూసి కుడీ ఎడమా తారుమారు చేశావా? నిన్న క్లబ్బులో చేరిన పిల్లకాయలు చేసే పని అది."

నేను హాల్వర్ మొహం చూశాను. ఇప్పుడు వెర్నాకు మూడినట్టే అనుకున్నాను. తను ఎడమ అన్న కన్నును కుడి అన్నందుకు వాడు ఒకడితో ఏళ్ళ తరబడి మాట్లాడలేదు. అలాంటివాడు తల గోక్కుని, "అవునేమో. పొరబడ్డాను," అన్నాడు.

పొరబడ్డాను అన్న మాట మా అన్నయ్య నోట నేను పుట్టి బుద్ధెరిగాక వినలేదు. నాన్న పోయిన రోజున శవపేటిక తీసుకెళ్ళే దారి తప్పితే కూడా, రోడ్డే తప్పుగా వేశారన్నాడు. మరి ఇంత తేలిగ్గా ఎందుకు ఒప్పుకున్నట్టు? పొరపాటని ఒప్పుకోకపోతే ఇంకేదో చెప్పాల్సొస్తుంది కాబట్టేనా?

వెర్నా సరే ఎలాగూ చూపిస్తానంటూ ఆ ఎడమచేతి రైఫిల్ తేవడానికి లోపలికి వెళ్ళింది. నాకు నిలబడటం చేతకావడం లేదు. ఏదో ఒకటి చెయ్యకపోతే కాళ్ళు ఊరుకోవు, నా సంగతి అంతే. హాల్వర్ ఎదురుగా వెళ్ళి నిలబడ్డాను.

"నా ముక్కు చూడు," అన్నాను.

"పిచ్చా నీకు?"

"చూడమంటున్నాగా. నీ కన్నెవరైనా ఎప్పుడైనా చూశారా?"

నవ్వులాట అనుకున్నాడేమో, విసుక్కుంటూనే చేతులు చాపాడు. బస్సు స్టీరింగ్ తిప్పి తిప్పి గట్టిపడ్డ అరచేతులు, వాటి మధ్య సందు. ఆ సందులో వాడి ఎడమ కన్ను కనబడింది.

ఒక్క క్షణమే. వెంటనే వాడికి తెలిసిపోయింది. చేతులు మెల్లగా పక్కకు జరిగి కుడి కంటి మీదికి వచ్చి ఆగాయి, ముందునుంచీ అక్కడే ఉన్నట్టు. కానీ పెత్తనం కన్నును అలా జరుపుకోవడం ఎవరి వల్లా కాదు. అరవయ్యేళ్ళు కుడి కంటితో కాల్చినవాడికి ఆ పెత్తనం ఉన్నపళాన ఎడమకు వెళ్ళిందంటే, కుడికి ఏదో అయిందనే అర్థం. ఆ మాట క్లబ్బులో అందరికీ చెప్పింది కూడా వాడే.

వెర్నా ఎడమచేతి రైఫిల్ తెచ్చేసరికి హాల్వర్ బయటికి వెళ్ళిపోయాడు. బఠానీ రంగుది నాకోసం తీసిపెట్టమని చెప్పి నేనూ వెనకే వెళ్ళాను. ఆవిడ ఏమైనా కనిపెట్టిందో లేదో నాకిప్పటికీ తెలియదు.

బయట గాలి ట్రక్కును ఊపేస్తోంది. మా బెంచ్‌లాండ్ ఎత్తు మైదానంలో ఏప్రిల్ అంటే అంతే, తలుపు తెరిస్తే చేతిలోంచి పీక్కుపోతుంది. హాల్వర్ స్టీరింగ్ ముందు కూర్చుని తాళం తిప్పకుండా చూస్తున్నాడు. నేను పక్క సీట్లో కూర్చుని తలుపు మూశాను. ఎప్పట్నించి అని అడిగాను. నా మోకాలు ఊగుతుంటే వాడు చేయి పెట్టి ఆపాడు, చిన్నప్పుడు చర్చిలో ఆపినట్టు. చేయి తీయగానే మళ్ళీ ఊగింది.

చివరికి చెప్పాడు. శరదృతువు వేటలో మొదలైందట. స్కోప్‌లో మసక కనబడితే స్కోప్ పాడైందనుకున్నాడు. విప్పాడు, బిగించాడు, తుడిచాడు, కొత్తది కూడా కొన్నాడు. మా వాళ్ళంతా చేసేది అదే, గురి తప్పితే ముందు గాజును తిడతారు, తర్వాత తూటాలను, ఆ తర్వాత గాలిని. కంటి సంగతి ఎవరికీ గుర్తుకు రాదు. చలికాలమంతా స్కోపులు మార్చడంతోనే గడిపాడు. ఎవరికీ చెప్పకుండా దూరపు పట్నంలో డాక్టరుకు చూపించుకునేసరికి ఆలస్యమైంది.

"నీ వైపు చూస్తాను, నీ చెవులు కనబడతాయి," అన్నాడు. "మొహం ఉండదు. కుడి కంటితో ఏది సూటిగా చూస్తే అదే మాయమవుతుంది. గురి చూస్తే గురే ఉండదు సిగ్నీ."

నాకు ఏడుపొచ్చింది. మా అన్నయ్యకు ఆ నల్లచుక్క తప్ప ఇంకో ప్రపంచం లేదు. పెళ్ళి చేసుకోలేదు, తాగుడు లేదు, చర్చిలో కూడా కిటికీ అవతల జెండా ఎటు ఎగురుతోందో చూసి గాలి లెక్క వేస్తుంటాడు. వాడి భుజం పట్టుకున్నాను.

ఆ తర్వాత, ఎందుకో, ఆ ఎడమచేతి రైఫిల్ గుర్తొచ్చింది. ఏడుపు ఒక్కసారిగా కోపంగా మారిపోయింది.

"అది నాకు కాదు కదా," అన్నాను. "నీకు."

దాచలేదు. జూన్ లోపల ఎడమ భుజంతో కాల్చడం నేర్చుకోవాలట. తను వెళ్ళి ఎడమచేతిది అడిగితే భోజనాల వేళకు ఊరంతా తెలిసిపోతుంది. అందుకని నా పేరుతో కొనిపించి, కంకర గోతిలో ఎవరూ లేనప్పుడు దాంతో సాధన చేద్దామనుకున్నాడు. కొనేటప్పుడు కాగితం మీద ఒక ప్రశ్న ఉంటుంది, ఈ తుపాకీ నిజంగా నీకోసమేనా అని. దానికి అవునని రాసి సంతకం పెడితే, అబద్ధమని తేలిన రోజున జైలుకెళ్ళేది నేను. ఆ సంగతి అడిగితే, అది నీదేగా, నేను అప్పుడప్పుడు అడిగి పుచ్చుకుంటానంతే అన్నాడు.

"పుట్టి బుద్ధెరిగినప్పట్నించి నీ తుపాకులు నేను అడిగి పుచ్చుకున్నాను హాల్వర్. నాకంటూ ఒకటి కొనుక్కునే రోజొస్తే, ఆ రోజు కూడా నీకు సరిపోయేదే చూసుకున్నావు. పైగా నా కన్నే తప్పన్నావు. రాత్రంతా నా చేతులు చూసుకుంటూ కూర్చున్నాను తెలుసా?"

తల దించుకున్నాడు. "మన్నించు పిల్లా," అన్నాడు. అంత పెద్ద మనిషి అలా అనేసరికి నా కోపం కాళ్ళు విరిగి కూలబడింది. మరో అన్నాచెల్లెళ్ళయితే కథ అక్కడితో అయిపోయేదే. ఎడమచేతి రైఫిల్ తనే కొనుక్కునేవాడు, ఊరు నాలుగు రోజులు నవ్వి ఊరుకునేది. ఒక కంటితో కాల్చేవాళ్ళు మా క్లబ్బులో ఇదివరకు లేకపోలేదు.

కానీ నా కళ్ళ ముందు వేరే బొమ్మ తిరుగుతోంది. బడి ముందు బస్సు ఆగడం, పిల్లలు ఒకరినొకరు తోసుకుంటూ దిగడం. నా మనవరాలు టిల్డా డ్రైవరు వెనకే కూర్చుంటుంది, హాల్వర్ తాత చూయింగ్ గమ్ ఇస్తాడని.

"బస్సు మానేస్తున్నావు కదా?" అన్నాను.

ఎడమ కన్ను బాగానే ఉందన్నాడు. రోడ్డు మొత్తం కంఠతా వచ్చన్నాడు. ఇన్నేళ్ళలో ఒక్క పిల్లకు గీత పడలేదన్నాడు. మరి ఆ స్తంభం సంగతేమిటన్నాను. స్టీరింగ్ మీది దుమ్ము తుడిచాడు. డాక్టరు ఏమన్నాడని అడిగాను. కిటికీ వైపు తిరిగాడు. అంటే డాక్టరు వద్దన్నాడు. బడికి చెప్పమన్నాడు. వీడు చెప్పలేదు.

"ఆగస్టులో ఎలాగూ డ్రైవర్లకు ఆరోగ్య పరీక్ష ఉంటుంది, అప్పుడు వాళ్ళే ఆపేస్తారు," అన్నాడు. "ఈ బడి ఏడాది అయిపోనీ. నెలన్నర. పిల్లలకు చేతులూపి మర్యాదగా దిగిపోతాను. నన్ను సగంలో దింపేయకు సిగ్నీ. గురి పోయింది. ఆ బస్సు కూడా పోతే పొద్దున్నే లేచి నేను ఎటు వెళ్ళాలి?"

ఆ ప్రశ్న గుర్తొస్తే ఇప్పటికీ చేతిలో పని ఆగిపోతుంది.

అప్పుడు వాడి ఫోన్ మోగింది. మా బడి ప్రిన్సిపాల్ రొవీనా. ఆవిడ గొంతు ఫోన్లో కూడా ప్రార్థన చదివిస్తున్నట్టే ఉంటుంది, పక్కన కూర్చున్నవాళ్ళకు అన్నీ వినబడతాయి. రేపు శనివారం పరుగుపందేలకు పిల్లల్ని కనుమ అవతలి ఊరికి తీసుకెళ్ళాల్సిన డ్రైవరుకు జ్వరం వచ్చిందట. పైన మంచు ఇంకా కరగలేదట, కనుమ మలుపులు తెలిసినవాడు హాల్వర్ ఒక్కడేనట. వస్తావా అని అడిగింది.

మా కనుమ సంగతి మీకు తెలియదు. కుడి వైపున కంచె లేదు. కింద వాగు దాకా ఏమీ లేదు.

రానని చెప్పు, అనుకున్నాను. చెప్పు, ఒక్కసారి రానని చెప్పు. హాల్వర్ నా వైపు చూడలేదు.

"వస్తాను," అన్నాడు.

రొవీనా దేవుడు నిన్ను చల్లగా చూడాలంది. ఆ వెంటనే, సిగ్నీ పక్కనుందా, పిల్లల మధ్యాహ్నం పొట్లాల గురించి మాట్లాడాలి, ఒకసారి ఇవ్వు అంది. హాల్వర్ ఫోన్ నాకు అందించాడు. అది నా చేతికి రాకుండా మధ్యలోనే ఆగింది. ఒక కంటికి దూరం తెలియదు. నేనే ముందుకు వంగి అందుకున్నాను.

రొట్టెల్లో టర్కీ మాంసం పెడతావా హ్యామ్ పెడతావా అని రొవీనా మొదలెట్టింది. కిందటేడు కొంతమందికి యాపిల్స్ అందలేదని గుర్తు చేసింది. పక్కన హాల్వర్ రెండు చేతులూ స్టీరింగ్ మీద పెట్టుకుని కూర్చున్నాడు, ఎప్పటిలాగే, బస్సులో పిల్లలెక్కేదాకా కూర్చున్నట్టు.

"రొవీనా, రొట్టెల సంగతి తర్వాత," అన్నాను. "రేపు బస్సు హాల్వర్ నడపడు."

"అదేంటి, ఇప్పుడేగా వస్తానన్నాడు?"

"నడపడు. ఇంకెవరినైనా చూసుకో. దొరక్కపోతే పందేలు మానెయ్."

"ఎందుకు సిగ్నీ? ఏమైంది?"

హాల్వర్ తల మొత్తం నా వైపు తిప్పాడు. ఎడమ కన్ను నా మొహం మీద పడేదాకా తిప్పాడు. కోపం ఉంటుందనుకున్నాను, లేదు. అరచేయి తెరిచి నా ముందు పెట్టాడు.

"నేను చెబుతాను. ఇటివ్వు."

నిన్నట్నించి నాతో వరసగా అబద్ధాలాడిన మనిషి. ఫోన్ తీసుకుని నిజం చెప్పొచ్చు. లేదా, మా చెల్లికి ఇవాళ తలనొప్పి, దాని మాట పట్టించుకోకు అని నవ్వి, రేపు పొద్దున్నే బస్సు ఎక్కొచ్చు. వాడి మాట, నా మాట ఎదురుబొదురు పెడితే ఊళ్ళో ఎవరిది నెగ్గుతుందో ఇద్దరికీ తెలుసు. రొవీనా అటు నుంచి, సిగ్నీ, ఉన్నావా అంటోంది.

ఫోన్ వాడి చేతిలో పెట్టాను.

హాల్వర్ దాన్ని చెవికి ఆనించుకున్నాడు. "రొవీనా," అన్నాడు. ఆ తర్వాత, బడిలో తప్పు ఒప్పుకునే పిల్లాడిలా, రెండో చేయి స్టీరింగ్ మీంచి తీసి కుడి కంటి మీద పెట్టుకున్నాడు.